టోబ్రుక్: గోడలు లేని కోటను ఎనిమిది నెలలు నిలబెట్టిన కథ

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, ఆదివారం మధ్యాహ్నం పూట, మనకు అంతగా పరిచయం లేని ఒక ఊరి కథ వినడానికి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

ఆ ఊరి పేరు టోబ్రుక్. లిబియా దేశపు తూర్పు కొసన, ఈజిప్టు సరిహద్దుకు దగ్గరలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉంది. ముందుగా మీకు మూడు తేదీలు చెబుతాను. ఈ గంటసేపు నేను చెప్పబోయేదంతా ఆ తేదీల చుట్టూనే తిరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలం. 1941 జనవరి 21 తెల్లవారుజామున బ్రిటిష్ పక్షాన పోరాడుతున్న ఆస్ట్రేలియా సైన్యం టోబ్రుక్ మీద దాడి చేసింది. లోపల ఉన్నది ఇటలీ సైన్యం. మరునాటికి ఊరు పడిపోయింది. పాతిక వేలమంది బందీలయ్యారు. అదే ఊరు, అదే కందకం, అవే కాంక్రీటు స్థావరాలు. ఆ ఏడాది ఏప్రిల్ 10 నుంచి డిసెంబరు 7 దాకా, 241 రోజులపాటు, జర్మన్, ఇటాలియన్ సైన్యాలు చుట్టుముట్టి ఎన్ని దాడులు చేసినా లొంగలేదు. మళ్లీ 1942 జూన్ 20న దాడి మొదలైంది. సాయంత్రానికి జర్మన్ ట్యాంకులు రేవులో ఉన్నాయి. మర్నాడు ఉదయం లోపలున్న బ్రిటిష్ పక్షపు సేనాపతి లొంగిపోయాడు.

ఒకే కోట పద్దెనిమిది నెలల వ్యవధిలో ఒకసారి రెండు రోజులు, ఒకసారి ఎనిమిది నెలలు, ఇంకోసారి ఒక్కరోజు నిలిచింది. ఎందుకిలా జరిగింది? నన్ను ఏళ్ల తరబడి వదలని ప్రశ్న ఇదే. జర్మన్ సేనాపతి రోమెల్ ఎంత గొప్పవాడు, ఏ ట్యాంకు ఎంత మందం అనే విషయాల మీద పుస్తకాలూ వీడియోలూ బోలెడున్నాయి. వాటి జోలికి నేను ఎక్కువగా పోను.

కోట అనగానే మనకు గోల్కొండ, కొండవీడు కళ్లముందు మెదులుతాయి. టోబ్రుక్‌ను అలా ఊహించుకోకండి. అక్కడ ఎత్తైన గోడ లేదు, బురుజు లేదు. రాతి నేల, పైన పలచని ఇసుక, మోకాలెత్తు ముళ్లపొదలు, కనుచూపు మేరలో ఒక్క చెట్టు కూడా లేని మైదానం. ఊరిని నడుమ పెట్టుకుని సముద్రం నుంచి సముద్రం దాకా అర్ధచంద్రాకారంలో దాదాపు 50 కిలోమీటర్ల రక్షణ రేఖ. ఆ రేఖ వెంట నూటికి పైగా స్థావరాలు రెండు వరుసల్లో ఉంటాయి. వాటిని నేలకు సమానంగా తవ్వారు. కొన్ని అడుగుల దూరం నుంచి చూసినా అక్కడ ఒక స్థావరం ఉందని తెలియదు. గుండ్రటి కాంక్రీటు గుంటలు, వాటిని కలుపుతూ కందకం, చుట్టూ ముళ్లకంచె. ముందు వరుస స్థావరాల చుట్టూ ఉన్న గుంటల మీద సన్నటి చెక్కలు పరచి, వాటి మీద ఇసుక చల్లారు. మనిషి నడిస్తే ఆగుతాయి, ట్యాంకు ఎక్కితే విరుగుతాయి. ఇదంతా 1930లలో ఇటలీ వాళ్లు కట్టించినదే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ నేల ఇటలీదీ కాదు, బ్రిటన్‌దీ కాదు. 1911లో ఇటలీ లిబియాను ఆక్రమించింది. ఇరవై ఏళ్లపాటు అక్కడి ప్రజలు తిరగబడుతూనే ఉన్నారు. పిల్లలకు ఖురాన్ చెప్పే గురువు ఒమర్ ముఖ్తార్ డెబ్భై ఏళ్ల వయసులో గుర్రమెక్కి వాళ్లకు నాయకత్వం వహించాడు. 1931 సెప్టెంబరులో ఆయనను ఇటలీ ప్రభుత్వం వేలాదిమంది నిర్బంధితుల కళ్లెదుట ఉరి తీసింది. తూర్పు లిబియా పశుపోషక కుటుంబాలను లక్ష మంది దాకా ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలితే, వారిలో వేలాదిమంది ఆకలితో, రోగాలతో అక్కడే చనిపోయారు. టోబ్రుక్ చుట్టూ ఈ కాంక్రీటు పోసింది ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. యుద్ధ చరిత్రలు రాసేవాళ్లు ఈ ఎడారిని మనుషులు లేని ఖాళీ మైదానంలాగా వర్ణిస్తారు. నాకది అన్యాయంగా కనిపిస్తుంది. ఆ మైదానం ఎందుకు ఖాళీ అయిందో కూడా రాయాలి కదా.

సరే, ఈ ఎండు నేల కోసం అంత కొట్లాట ఎందుకు? రేవు కోసం. బెంఘాజీకీ అలెగ్జాండ్రియాకూ నడుమ పెద్ద ఓడలు సురక్షితంగా ఆగగల లోతైన సహజ రేవు టోబ్రుక్ ఒక్కటే. ఎడారి యుద్ధంలో తుపాకి గుండు కంటే ముందు కావలసినవి నీరు, పెట్రోలు, తిండి. అక్కడ పండేది ఏమీ లేదు కాబట్టి అన్నీ మోసుకురావాలి. రోమెల్ సామగ్రి ట్రిపోలీలో దిగేది. అక్కడి నుంచి ఈజిప్టు సరిహద్దుకు ఉన్నది ఒకే ఒక్క రోడ్డు, 1,500 కిలోమీటర్లకు పైగా దూరం. పెట్రోలు మోసే లారీలు దారిలో తామే బోలెడంత పెట్రోలు తాగేసేవి. టోబ్రుక్ చేతికి చిక్కితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. చిక్కకపోతే ఈజిప్టు వైపు అడుగు వేసినప్పుడల్లా వెనక ఒక శత్రు సైన్యం ఉంటుంది. అందుకే ఆయనకు ఆ ఊరంటే అంత పట్టుదల.

1941 ఫిబ్రవరి 12న రోమెల్ ట్రిపోలీలో దిగాడు. మార్చి 24న కదిలాడు. అప్పటికి బ్రిటిష్ వాళ్లు తమ అనుభవజ్ఞులైన సైనికులలో చాలామందిని గ్రీసుకు పంపేశారు. ఎడారిలో ఆరితేరిన మన 4వ భారత డివిజన్‌ను అంతకుముందే ఎరిట్రియాకు తరలించారు. మిగిలిన సైన్యం చెల్లాచెదురైంది. నీమ్, ఓకానర్ అనే ఇద్దరు జనరల్స్ చీకట్లో దారి తప్పి శత్రువుకు దొరికిపోయారు. అందరూ తూర్పుకు పరుగెత్తుతున్న ఆ రోజుల్లో ఎడారి మధ్య మెకిలి అనే పాత చిన్న కోట దగ్గర నిలబడినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు.

అది 3వ భారత మోటార్ బ్రిగేడ్. నిన్న మొన్నటి దాకా గుర్రాల మీద తిరిగిన అశ్విక దళాలను లారీలు ఎక్కించి ఆ పేరు పెట్టారు. వాళ్లకు ఒక్క ట్యాంకు కూడా లేదు. చేతిలో రైఫిళ్లు, మెషిన్‌గన్లు, తోడుగా వచ్చిన ఆస్ట్రేలియా దళం తెచ్చిన కొద్దిపాటి ట్యాంకు విధ్వంసక తుపాకులు. లొంగిపొమ్మని రోమెల్ కబురు పంపితే కుదరదన్నారు. మళ్లీ పంపినా అదే జవాబు. ఏప్రిల్ 8 తెల్లవారుజామున వలయాన్ని ఛేదించుకుని బయటపడే ప్రయత్నం చేశారు. చాలామంది బందీలయ్యారు, కొందరు తప్పించుకున్నారు. తప్పించుకున్నవారిలో 2వ లాన్సర్స్‌కు చెందిన ఒక స్క్వాడ్రన్‌ను మేజర్ రాజేంద్రసింహ్‌జీ నడిపించారు. ఆయన ఊరికే బయటపడలేదు, దారిలో శత్రు సైనికులను బందీలుగా పట్టుకుని మరీ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికాధికారులకిచ్చే డి.ఎస్.ఓ. అనే పతకం అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. స్వతంత్ర భారతదేశానికి తర్వాత సైన్యాధిపతి కూడా అయ్యారు. క్రికెట్ తెలిసినవారికి ఇంకో గుర్తు చెబుతాను. రంజీ ట్రోఫీ ఎవరి పేరు మీద ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీకి ఈయన సోదరుని కుమారుడు, దులీప్ ట్రోఫీ దులీప్‌సింహ్‌జీకి స్వయానా అన్న.

మెకిలిలో పోయినవి రెండు మూడు రోజులే. కానీ టోబ్రుక్‌లో ఆ రోజుల్లోనే మైన్లు పాతారు, కంచెలు బిగించారు, వెనక్కి వస్తున్న దళాలను ఒక చోటికి చేర్చారు. ఆ వ్యవధి దొరకకపోయి ఉంటే ముట్టడి అనేదే ఉండేది కాదని నా నమ్మకం. ఏప్రిల్ 10 నాటికి కోట తలుపులు మూసుకున్నాయి.

లోపల ముఖ్యంగా ఆస్ట్రేలియా 9వ డివిజన్, వాళ్లు 14 వేలమంది. ఫిరంగులూ ట్యాంకులూ బ్రిటిష్ వాళ్లవి. భారతీయ దళం ఒకటి ఉంది: 18వ కింగ్ ఎడ్వర్డ్ అశ్విక దళం. సేనాపతి జనరల్ లెస్లీ మోర్స్‌హెడ్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన బడిపంతులు. సైనికులు వెనకాల ఆయనకు కఠినాత్ముడని పేరు పెట్టుకున్నారు. తన అధికారులను పిలిచి ఆయన చెప్పిన మాట ఒకటే: ఇక్కడ డన్‌కర్క్ లాంటిది ఉండదు, ఓడలెక్కి పారిపోవడం ఉండదు, బయటికి పోవలసివస్తే పోరాడుతూనే పోతాం.

మాట గట్టిగా చెప్పే సేనాపతులు చరిత్రలో చాలామంది ఉన్నారు. మోర్స్‌హెడ్ దాన్ని ఎలా అమలు చేశాడన్నది ముఖ్యం. జనవరిలో ఇటలీ సైన్యం ఎందుకు ఓడిందో ఆయన గమనించాడు. వాళ్లు గుంటల్లో కూర్చుని, ముందు గీతను ఒక చోట ఛేదించగానే ఆట ముగిసిందనుకున్నారు. ఆయన దాన్ని తలకిందులు చేశాడు. ముందు గుంటల్లో ఉన్న సైనికులకు చెప్పింది ఇది: ట్యాంకులు వస్తే ఆపవద్దు. తల దించుకుని కూర్చోండి, మీ మీదుగా పోనివ్వండి. వాటి వెనక నడిచి వచ్చే సైనికులను మాత్రం ఒక్కరిని కూడా లోపలికి రానివ్వవద్దు. లోపలికి చొరబడిన ట్యాంకుల సంగతి వెనకనున్న ఫిరంగులు చూసుకుంటాయి.

మీరే ఊహించండి. ఇరవై టన్నుల ఇనుము మీ తల పక్కనుంచి గర్జించుకుంటూ పోతుంటే కదలకుండా కూర్చుని, అది దాటిపోయాక లేచి తుపాకి గురిపెట్టాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల చేత ఆ పని చేయించారు.

పరీక్ష ఏప్రిల్ 13 రాత్రి వచ్చింది. ఈస్టర్ ఆదివారం. స్థావరం ఆర్-33 దగ్గర ముప్పై మంది దాకా జర్మన్లు మెషిన్‌గన్లు, మోర్టార్లతో కంచె దాటి లోపలికి వచ్చి పాతుకుపోయారు. తుపాకులతో వాళ్లను కదిలించడం సాధ్యం కాలేదు. లెఫ్టినెంట్ మాకెల్ ఆరుగురిని వెంటబెట్టుకుని చీకట్లో చుట్టుతిరిగి పరుగెత్తుకుంటూ వెళ్లి బాయ్‌నెట్లతో వాళ్ల మీద పడ్డాడు. ఆ ఆరుగురిలో కార్పొరల్ జాన్ ఎడ్మండ్‌సన్ ఒకడు. వ్యవసాయ కుటుంబంలో ఒక్కగానొక్క కొడుకు. మెడలో, కడుపులో తూటాలు దిగినా అతను ఆగలేదు. మాకెల్ ఒక శత్రువును పొడిచాడు. కిందపడ్డవాడు ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. వెనక నుంచి ఇంకొకడు మీదికి వస్తున్నాడు. మాకెల్ కేక విని ఎడ్మండ్‌సన్ ఆ గాయాలతోనే పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ చంపి తన అధికారిని కాపాడాడు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. బ్రిటిష్ సైన్యాల్లో అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్. ఆ యుద్ధంలో ఆస్ట్రేలియాకు వచ్చిన మొదటిది అతనిదే.

ఏప్రిల్ 14 తెల్లవారుతుండగా జర్మన్ ట్యాంకులు నిజంగానే లోపలికి వచ్చాయి. దాదాపు నలభై. గుంటల్లోని సైనికులు వాటిని పోనిచ్చారు. అవి ఊరివైపు కొన్ని కిలోమీటర్లు వచ్చాక ఎదురుగా బ్రిటిష్ రాయల్ హార్స్ ఆర్టిలరీ ఫిరంగులు నిలబడి ఉన్నాయి. మామూలుగా ఆ ఫిరంగులు కొండ చాటు నుంచి, కనిపించని లక్ష్యం మీద పేలతాయి. ఆ రోజు కొన్ని వందల మీటర్ల దూరంలో ట్యాంకును కళ్లతో చూస్తూ నేరుగా పేల్చారు. ట్యాంకులు వెనుదిరిగాయి. వెనక రావలసిన సైనికులు కంచె దగ్గరే ఆగిపోయారు కనుక వాటికి తోడు లేదు. వచ్చిన దారి ఇరుకైన సందు, అటూ ఇటూ తుపాకులు. పదిహేడు ట్యాంకులు అక్కడే మిగిలిపోయాయి. పోలెండ్‌లో, ఫ్రాన్స్‌లో అడ్డూ ఆపూ లేకుండా సాగిన మెరుపు యుద్ధం ఆ ఉదయం ఒక రాతి మైదానంలో ఆగింది.

రోమెల్‌ను పొగిడేవాళ్లు ఈ ఉదయం గురించి తక్కువ మాట్లాడతారు. కోట నక్షా సరిగా చేతిలో లేకుండా, ఎదుట ఎవరున్నారో తెలుసుకోకుండా, లోపలివాళ్లు పారిపోతున్నారనే భ్రమలో ఆయన దళాలను ఒక్కొక్కటిగా పంపించాడు. ఆయన తొందరకు వెల చెల్లించింది సైనికులు.

ఏప్రిల్ 30న మళ్లీ పెద్ద దాడి చేశాడు. ఈసారి నైరుతి దిక్కున రాస్ ఎల్ మెదావర్ అనే మెరక చేజిక్కింది. కోట గీతలో ఒక పెద్ద సొట్ట పడింది, అంతకు మించి లోపలికి రాలేకపోయారు. ఆ దాడిని చూడడానికి బెర్లిన్ నుంచి ఒక ఉన్నతాధికారి వచ్చాడు. రోమెల్ శక్తికి మించి పాకులాడుతున్నాడని, ఇక దాడులు ఆపాలని ఆయన అభిప్రాయపడ్డాడు. ఆ అధికారి పేరు ఫ్రెడరిక్ పౌలస్. అవును, ఏడాదిన్నర తర్వాత స్టాలిన్‌గ్రాడ్‌లో తానే ముట్టడిలో చిక్కుకుని లొంగిపోయిన పౌలస్.

అక్కడి నుంచి అసలైన ముట్టడి మొదలైంది. పెద్ద దాడులు లేవు. ఎండ, దాహం, ఈగలు, ఇసుక తుఫాను, విమానాలు. మనిషికి రోజుకు నీరు మూడున్నర లీటర్ల లోపు. తాగడానికి, వంటకు, గడ్డం గీసుకోవడానికి, బట్టలకు అన్నిటికీ కలిపి అంతే. అదీ ఉప్పనీరు. బావుల నీటికి తోడు ఇటలీ వాళ్లు వదిలి వెళ్లిన శుద్ధి యంత్రాలతో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చేవారు. ఆ యంత్రాలు పాడైతే ఏ ట్యాంకూ అవసరం లేదు, కోట తానే లొంగేది. తిండి డబ్బా మాంసం, గట్టి బిస్కెట్లు. కూరగాయలు లేక చర్మవ్యాధులు వస్తుంటే విటమిన్-సి మాత్రలు పంచారు. ముందు గుంటల్లో ఉన్నవాళ్లు పగలు తల ఎత్తకూడదు. మండుటెండలో బోర్లా పడుకుని సూర్యాస్తమయం కోసం ఎదురుచూడాలి. వేడి అన్నం లాంటిది ఏదైనా చేతికి అందేది రాత్రే.

సొట్ట పడిన చోట ఇరుపక్షాల గుంటల మధ్య దూరం చాలా తక్కువ. అక్కడ ఎవరూ రాయని, ఎవరూ సంతకం చేయని ఒక ఒప్పందం కుదిరింది. చీకటి పడ్డాక రెండు గంటలసేపు ఎవరూ కాల్చరు. ఇటువాళ్లు లేచి ఒళ్లు విరుచుకుని, భోజనం తెచ్చుకుని తింటారు. అటువాళ్లూ అంతే. గడువు తీరగానే ఆకాశంలోకి కొన్ని తూటాలు పేలతాయి. మళ్లీ యుద్ధం. ఈ ఒక్క సంగతి కోసమైనా టోబ్రుక్ చరిత్ర చదవాలని నా విద్యార్థులకు చెబుతుంటాను. పై అధికారులకు ఇలాంటివి నచ్చవు. అయినా ఆ రెండు గంటలు చాలాకాలం నడిచాయి.

మోర్స్‌హెడ్‌కు ఇంకో పట్టుదల ఉంది. రెండు సైన్యాల మధ్య ఉన్న నేల ఎవరిదీ కాదంటారు కదా, అది మనదే కావాలన్నాడు. అంటే ప్రతి రాత్రి గస్తీ. పది పదిహేనుమంది ముఖానికి నలుపు రాసుకుని, చప్పుడు చేసే వస్తువులన్నీ తీసేసి, మూడు నాలుగు కిలోమీటర్లు శత్రువు వైపు నడిచి, అక్కడి నుంచి పాకుతూ పోతారు. ఎక్కడ కొత్త మెషిన్‌గన్ పెట్టారో, ఎక్కడ మైన్లు పాతారో చూసి వస్తారు. వీలైతే ఒకడిని పట్టుకొస్తారు. ఈ పనిలో మన 18వ అశ్విక దళానికి గొప్ప పేరు వచ్చింది. వాళ్ల నిశ్శబ్దం గురించి ఆస్ట్రేలియా సైనికులు కథలు చెప్పుకునేవారు. పేరుకు అశ్విక దళం. వెంట గుర్రం లేదు, ట్యాంకు లేదు, ఇసుక మీద పాదాలు మాత్రమే. అయినా ఆ పాదాల వల్లే ఎదుటి వైపు ఎవరూ నిద్రపోలేదు. ముట్టడి వేసినవాళ్లే రాత్రంతా భయపడుతూ మేలుకోవలసి వచ్చిందంటే, ఎవరు ఎవరిని ముట్టడించినట్టు?

వంటవాళ్లు, గుమాస్తాలు, డ్రైవర్లు కూడా ఖాళీగా కూర్చోలేదు. ఇటలీ సైన్యం వదిలేసిన ఫిరంగులు కుప్పలుగా పడి ఉన్నాయి. చాలావాటికి గురి చూసే సాధనాలు లేవు. గొట్టంలోంచి కంటితో చూసి దిశ సరిచేసుకుని, పొడవాటి తాడు కట్టి దూరం నుంచి లాగి పేల్చేవారు. అది పేలుతుందో పగులుతుందో తెలియదు కదా. అలా నేర్చుకుని, చివరికి శత్రువు లెక్కలోకి తీసుకోవలసిన ఫిరంగి దళంగా తయారయ్యారు. జర్మన్ రేడియో వీళ్లను బోనులో పడ్డ ఎలుకలని ఎగతాళి చేస్తే, ఆ పేరే బిరుదుగా స్వీకరించారు. కూల్చిన విమానం రేకుతో ఎలుక బొమ్మ పతకాలు చేసుకున్నారు.

ఇప్పుడు సముద్రం సంగతి. ఈ ముట్టడికి ప్రాణనాడి అదే. నేలమీద మూడు వైపులా మూసేసినా నాలుగో వైపు నీరు తెరిచే ఉంది. తెరిచి ఉందంటే సుఖంగా ఉందని కాదు. రేవు మీద జర్మన్ విమానాలు ముట్టడి కాలంలో వెయ్యికి పైగా దాడులు చేశాయి. రేవు నిండా మునిగిన ఓడల దూలాలు. పగలు వస్తే మరణమే. అందుకే చంద్రుడు లేని రాత్రులు చూసుకుని అలెగ్జాండ్రియా నుంచి, మెర్సా మత్రూ నుంచి విధ్వంసక నౌకలు బయలుదేరేవి. అర్ధరాత్రి వేళ దీపాలు లేకుండా, మునిగిన ఓడల మధ్య సందుల్లోంచి రేవులోకి వచ్చి, ఆ శిథిలాల పక్కనే ఆగి, గంట గంటన్నరలో మందుగుండు, తిండి, మందులు, మనుషులను దించి, గాయపడినవారిని ఎక్కించుకుని తెల్లవారేలోపు విమానాలకు అందనంత దూరం పోవాలి. వాటర్‌హెన్, వెండెట్టా, వాంపైర్, వాయేజర్, స్టువర్ట్ అనే అయిదు ఆస్ట్రేలియా నౌకలు ఈ పనిలో అరిగిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ముసలి నౌకలు. తుప్పు ఇనుప సామాను అని జర్మన్లు వెక్కిరించేవారు. జూన్ ఆఖరులో వాటర్‌హెన్ మునిగిపోయింది. మిగతావి తిరుగుతూనే ఉన్నాయి. వాటితోపాటు చిన్న చిన్న తెరచాప పడవలు, సరుకు పడవలు కూడా. కోటను నిలబెట్టింది కాంక్రీటు కాదని నేను అంటున్నది ఇందుకే. ప్రతి రాత్రీ ఎవరో ఒకరు దాన్ని మళ్లీ కట్టవలసి వచ్చింది.

బయటి నుంచి విడిపించే ప్రయత్నాలు మే నెలలో ఒకసారి, జూన్‌లో ఒకసారి జరిగి విఫలమయ్యాయి. జూన్ ఓటమి తర్వాత చర్చిల్ అక్కడి బ్రిటిష్ సర్వసైన్యాధిపతి వేవెల్‌ను తప్పించి, ఆ స్థానంలోకి ఆకిన్‌లెక్‌ను తెచ్చాడు. వేవెల్ మన దేశానికి సర్వసైన్యాధిపతిగా వచ్చాడు. అదే జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దండెత్తాడు. ఇక రోమెల్‌కు అదనపు డివిజన్లు వచ్చే ఆశ పోయింది.

ఆగస్టులో ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ వాళ్లను మార్చాలని పట్టుబట్టింది. వాళ్లు నీరసించి ఉన్నారు, అది నిజం. చర్చిల్‌కు అది బొత్తిగా నచ్చలేదు. కానీ తమ కుర్రాళ్ల ప్రాణాల మీద తమకు హక్కుందని ఆస్ట్రేలియా ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు ప్రధానుల హయాంలో గట్టిగా నిలబడింది. మన 18వ అశ్విక దళం సంగతి అలా కాదు. ఆ సైనికులు అక్కడ ఉండాలా వద్దా అని భారతదేశంలో ఎవరినీ ఎవరూ అడగలేదు. మన దేశాన్ని యుద్ధంలోకి దించినప్పుడే మనల్ని అడగలేదు కదా. ఆ తేడా తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఆగస్టులో, వెళ్లిపోతున్న ఆస్ట్రేలియా వాళ్ల స్థానంలోకి పోలెండ్ కార్పాతియన్ బ్రిగేడ్ వచ్చింది. సొంత దేశం పోగొట్టుకుని, సిరియాలో దళంగా ఏర్పడి, ఫ్రాన్స్ కూలిపోయాక పాలస్తీనాకు నడిచి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లకు ఇది జర్మన్లతో తేల్చుకోవలసిన సొంత లెక్క. ఇక్కడ చరిత్ర ఒక చక్కటి ముడి వేసింది. మెకిలి వీరుడు రాజేంద్రసింహ్‌జీ గురించి చెప్పాను కదా. ఆయన అన్న దిగ్విజయ్‌సింహ్‌జీ నవానగర్ మహారాజు. 1942లో పోలెండ్ నుంచి చెదిరిపోయిన వందలాది అనాథ పిల్లలకు జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో ఆశ్రయం ఇచ్చింది ఆయనే. వార్సాలో ఈనాటికీ ఆయన పేరుతో ఒక కూడలి ఉంది.

సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రిటిష్ 70వ డివిజన్ వచ్చింది. నవంబరు 18న బయటి సైన్యం కదిలింది. 21న లోపలివాళ్లు కోట దాటి ముందుకు దూకారు. 27న న్యూజిలాండ్ దళాలు వాళ్లను కలుసుకున్నాయి. ఆ దారి మళ్లీ మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. డిసెంబరు మొదటి వారంలో రోమెల్ వెనక్కి తగ్గాడు. ఆస్ట్రేలియా తరఫునే ఎనిమిది వందల మంది వరకు ఆ నేలలో మిగిలిపోయారు.

ఇక మూడో తేదీ. 1942 జూన్. ఆరు నెలల్లో ఏం మారింది? మొదటి కారణం, పై అధికారులకు ఆ కోటను నిలబెట్టాలో లేదో తేలలేదు. మరో ముట్టడి వద్దని ఆ ఫిబ్రవరిలోనే నిర్ణయించారు. అందుకని పశ్చిమాన గజాలా దగ్గర కొత్త రక్షణ రేఖ కోసం టోబ్రుక్ చుట్టూ పాతిన మైన్లను వేల సంఖ్యలో తవ్వి తీసుకుపోయారు. కందకంలో ఇసుక పూడిపోయింది. ఎవరూ తీయలేదు. గజాలా దగ్గర ఓడిపోయాక, చివరి క్షణంలో, కాదు నిలబెట్టాల్సిందే అన్నారు. సేనాపతి దక్షిణాఫ్రికాకు చెందిన క్లాపర్, ఆ పదవికి కొత్త. రోమెల్ ఈసారి తొందరపడలేదు. ఆగ్నేయ దిక్కున ఒక్కచోట బలమంతా కేంద్రీకరించాడు. ఆ చోట ఉన్నది 11వ భారత బ్రిగేడ్‌లోని మరాఠా దళం. వందకు పైగా విమానాలు వాళ్ల మీద బాంబులు కురిపించాక ట్యాంకులు వచ్చాయి. వెనకనుంచి రావలసిన ఎదురుదాడి సమయానికి రాలేదు. ఓటమికి మరాఠాలను తప్పుపట్టిన రాతలు నేను చదివాను. ఒప్పుకోను. పూడిన కందకం, మైన్లు తీసేసిన నేల, చేరని సహాయం. ఈ మూడింటిలో ఏదీ వాళ్ల చేతిలో లేదు.

33 వేలమంది బందీలయ్యారు. చర్చిల్ అప్పుడు వాషింగ్టన్‌లో రూజ్‌వెల్ట్ పక్కన కూర్చుని ఉన్నాడు. వార్త చీటీ మీద అందింది. రోమెల్‌కు ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది. లొంగుబాటు ఉత్తర్వు వచ్చాక కూడా గూర్ఖాలు, స్కాట్లాండ్ దళమైన కామెరాన్ హైలాండర్లు తమ చోట్లలో మరికొంతసేపు పోరాడుతూనే ఉన్నారు.

నేను చెప్పదలచుకున్నది చెప్పాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి ఒకరు: మెకిలిలో బందీలైన మన సైనికులు ఏమయ్యారండీ? నేతాజీ సైన్యంలో చేరారంటారు, నిజమేనా?)

కొందరు చేరారు. 1941లో మెకిలి, టోబ్రుక్ పోరాటాల్లో దొరికిన భారతీయ బందీల నుంచే జర్మనీలో నేతాజీ తన దళానికి తొలి విత్తనం వేశారు. ఆ మే నెలలోనే కొందరిని విమానంలో బెర్లిన్ తీసుకెళ్లారు. బందీల శిబిరాలకు వెళ్లి వాళ్లతో మాట్లాడినవారిలో మన హైదరాబాదు వారు అబిద్ హసన్ ఒకరు. అక్కడ ఇంజినీరింగ్ చదువుతూ, చదువు వదిలేసి నేతాజీకి కార్యదర్శి అయ్యారు. తర్వాత జలాంతర్గామిలో ఆయన వెంట ఆసియాకు వచ్చింది కూడా ఈయనే. కులం, మతం, ప్రాంతం తెలియనివ్వని ఒక పలకరింపు ఆ సైనికులకు కావాలని వెతికి ‘జై హింద్’ సూచించింది ఆయనే అని చెబుతారు. చాలామంది చేరలేదు కూడా. చేసిన ప్రమాణం తప్పలేమని శిబిరాల్లోనే ఉండిపోయారు. చేరినవాడిని ద్రోహి అనీ, చేరనివాడిని బానిస అనీ అనే హక్కు మనకు లేదని నేను గట్టిగా అనుకుంటాను. ముళ్లకంచె వెనక, ఇంటి నుంచి ఉత్తరం కూడా రాని స్థితిలో, ఎవరి మనస్సాక్షి వాళ్లు వెతుక్కున్నారు.

(మరొకరు: తెలుగువాళ్లు ఎవరైనా ఆ ఎడారిలో ఉన్నారా? మా తాతగారు మద్రాస్ శాపర్స్‌లో చేసేవారు.)

ఉండే అవకాశం బాగా ఉందమ్మా. మద్రాస్ శాపర్స్ అంటే సైన్యంలోని ఇంజినీరింగ్ దళం, అందులో తెలుగువారు మొదటి నుంచీ ఉన్నారు. వాళ్ల కంపెనీ ఒకటి 4వ భారత డివిజన్‌తో ఉత్తర ఆఫ్రికాలో పనిచేసింది. మైన్లు తీయడం, దారులు వేయడం, నీటి ఏర్పాట్లు చూడడం వాళ్ల పని. మీ తాతగారి సర్వీసు పుస్తకం గానీ, పెన్షన్ కాగితం గానీ ఇంట్లో ఉంటే వెతకండి. దాని మీద సైనిక సంఖ్య, కంపెనీ సంఖ్య ఉంటాయి. ఆ రెండూ ఉంటే బెంగళూరులోని రెజిమెంట్ కేంద్రానికి రాసి అడగవచ్చు. చనిపోయినవారి పేర్లయితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలో ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో చూడవచ్చు. సమాధి లేని మనవాళ్లకు ఈజిప్టులో ఎల్ అలమెయిన్ శ్మశానవాటికలో ప్రత్యేకంగా ఒక దహన స్మారకం ఉంది. ఈజిప్టు, లిబియాలలో తమ మతాచారం ప్రకారం దహనం చేసిన ఆరు వందల మందికి పైగా సైనికుల పేర్లు దాని మీద చెక్కారు. వెతికేటప్పుడు పేరు ఒకే రకంగా ఉంటుందనుకోకండి. ఆనాటి గుమాస్తాలు తమకు వినబడినట్టు రాసుకున్నారు. ఊరి పేరుతో, తండ్రి పేరుతో కూడా వెతకండి. సభ అయ్యాక ఒక్క నిమిషం ఉండండి, ఎలా వెతకాలో ఇక్కడే ఫోనులో చూపిస్తాను.